నిమ్మకాయంత మోటారు విప్పే ముందు

కోల్‌కతా చాందినీ చౌక్ మార్కెట్లో ఏ2212 కావాలని అడిగితే నిమ్మకాయంత మోటారు ఒకటి చేతిలో పెడతారు. బరువు 50 గ్రాములు. ధర నాలుగైదు వందలు. దానికి 11.1 వోల్టుల బ్యాటరీ తగిలించి పూర్తి వేగంతో తిప్పితే, ప్రొపెల్లరు సైజును బట్టి 16 ఆంపియర్ల దాకా లాగుతుంది. రెండూ గుణిస్తే 178 వాట్లు. ఇంట్లో తిరిగే పాత రకం సీలింగ్ ఫ్యాను తీసుకునేది 75 వాట్లు. అంటే రెండు ఫ్యాన్లు తిరగ్గా ఇంకా మిగిలేంత విద్యుత్తు ఈ నిమ్మకాయ గుండా పోతోందన్నమాట.

రిమోట్‌తో విమానాలు, డ్రోన్లు, పడవలు నడిపేవాళ్ల ఇళ్లలో ఇలాంటివి డబ్బా నిండా పోగుపడతాయి. ఒకదాని బేరింగ్ కీచుమంటుంది. ఇంకొకటి మాడి కంపు కొడుతుంది. మూడోది బాగానే ఉంటుంది గానీ సొంతదారుకే తృప్తి ఉండదు. విప్పి, తీగ మార్చి చుడితే ఇంకాస్త బలం రాదా అని చెయ్యి దురద పెడుతుంది. విప్పొచ్చు, చుట్టొచ్చు. అదేమీ బ్రహ్మవిద్య కాదు. కానీ చుట్ల సంఖ్య మారిస్తే వేగం మారుతుందే తప్ప బలం పెరగదు. ఈ మాట చెబితే చాలామంది నమ్మరు కాబట్టి లెక్క వేసి చూద్దాం.

ముందు మోటారు సంగతి. మిక్సీ బాగుచేయించినవాళ్లకు కార్బన్ బ్రష్‌లు తెలుసు. తిరిగే తీగచుట్టకు కరెంటు అందించడానికి రాసుకుంటూ ఉండే బొగ్గు ముక్కలు అవి. అరిగిపోతాయి, నిప్పురవ్వలు రాలుస్తాయి. బ్రష్‌లెస్ మోటారులో తీగచుట్టలు కదలవు, అయస్కాంతాలు తిరుగుతాయి. ఏ చుట్టకు ఎప్పుడు కరెంటు ఇవ్వాలో బయట ఉండే చిన్న సర్క్యూటు బోర్డు నిర్ణయిస్తుంది. దాన్ని స్పీడ్ కంట్రోలర్ అంటారు, మోడల్ వాళ్ల నోట అది ‘ఈఎస్‌సీ’. దాని నుంచి మోటారుకు మూడు తీగలు వస్తాయి. బ్రష్‌ల బదులు ట్రాన్సిస్టర్లతో నడిచే ఇలాంటి యంత్రం గురించి విల్సన్, ట్రికీ అనే ఇద్దరు ఇంజనీర్లు 1962లోనే రాశారు. అది బొమ్మ విమానాల దాకా రావడానికి 1980ల్లో నియోడిమియం అయస్కాంతాలు పుట్టాలి, ఆ తర్వాత చిప్‌లు చవక కావాలి.

ఏ2212లో కదలని భాగం, అంటే స్టేటరు, లోపల ఉంటుంది. అయస్కాంతాలు అతికించిన డొప్ప, అంటే రోటరు, దాని చుట్టూ బయట తిరుగుతుంది. ఇలాంటిదాన్ని అవుట్‌రన్నర్ అంటారు. వింతగా అనిపిస్తే తలెత్తి చూడండి. సీలింగ్ ఫ్యానూ ఇంతే: కడ్డీకి బిగించిన తీగచుట్ట నిలబడి ఉంటుంది, రెక్కలతో సహా బయటి డొప్ప తిరుగుతుంది. కోల్‌కతాకు ఈ విద్య కొత్తేమీ కాదు. ప్రిన్స్ అన్వర్ షా రోడ్డులో ఇప్పుడు సౌత్ సిటీ మాల్ ఉన్న చోట ఒకప్పుడు ఉషా ఫ్యాన్లూ కుట్టుమిషన్లూ చేసిన జే ఇంజనీరింగ్ వర్క్స్ ఉండేది. ఫ్యాన్ వైండింగ్ చేసే దుకాణం ఈ ఊళ్లో ఏ పేటకు వెళ్లినా కనిపిస్తుంది. పాత ఫ్యానులో అయస్కాంతాలు ఉండవు. కొత్తగా వస్తున్న బీఎల్‌డీసీ ఫ్యానులో ఉంటాయి, అందుకే అది 75కు బదులు 30 వాట్లు అటూఇటూ తీసుకుని అంతే గాలి ఇస్తుంది. శివారు వీధుల్లో జనం టోటో అని పిలిచే ఈ-రిక్షాను లాగేదీ బ్రష్‌లెస్ మోటారే. అక్కడ 48 వోల్టులు, ఇక్కడ 11. సూత్రం ఒక్కటే.

పేరులోని అంకెలకు అర్థం ఉంది. 22 అంటే స్టేటరు వ్యాసం మిల్లీమీటర్లలో, 12 అంటే దాని ఎత్తు. డొప్పతో కలిపి కొలిస్తే వ్యాసం 28 దాకా వస్తుంది, దాంతో తికమకపడకండి. పక్కన 13టీ అని ఉంటే స్టేటరు మీది ఒక్కో పంటికి 13 చుట్లు తీగ చుట్టారని. పన్ను అంటే తీగ చుట్టడానికి ముందుకు పొడుచుకొచ్చిన ఇనుప భాగం, ఇందులో అవి 12. డొప్పలో అయస్కాంతాలు 14. చివర 1000 కేవీ అని ఉంటుంది. కరెంటోళ్ల కిలోవోల్టు కాదు సుమా. ఒక్కో వోల్టుకు నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతుందో చెప్పే అంకె అది. 1000 కేవీ మోటారుకు 11.1 వోల్టులు ఇచ్చి, ప్రొపెల్లరు లేకుండా వదిలేస్తే నిమిషానికి సుమారు 11,100 సార్లు తిరుగుతుంది. సెకనుకు 185. సీలింగ్ ఫ్యాను ఫుల్ స్పీడులో నిమిషానికి 350 దగ్గర ఉంటుంది.

ఆ వేగంలో ఈఎస్‌సీ పడే పాటు కూడా చూడండి. 14 అయస్కాంతాలంటే 7 ఉత్తర-దక్షిణ జతలు. డొప్ప ఒక్కసారి తిరిగేసరికి తీగచుట్టల్లో కరెంటు 7 సార్లు అటూఇటూ మారాలి. 185ను 7తో గుణిస్తే సెకనుకు 1,295 సార్లు. మన ఇంటి కరెంటు మారేది 50 సార్లే. ఒక్కో ఆవృత్తిలో ఈఎస్‌సీ ఆరు మెట్లు మారుస్తుంది కాబట్టి సెకనుకు 7,770 నిర్ణయాలు. స్టేటరును ఒకే ఇనుప ముద్దగా కాకుండా పలుచని రేకులు పేర్చి చేసేది ఇందుకే. ఇంత వేగంగా మారే అయస్కాంత క్షేత్రంలో ముద్ద ఇనుము తనంతట తానే వేడెక్కిపోతుంది. మంచి మోటార్లలో రేకు మందం 0.2 మిల్లీమీటర్లు ఉంటుంది. రేకు మందం సగమైతే ఈ రకం నష్టం నాలుగో వంతుకు దిగుతుంది. కానీ రేకులు ఫ్యాక్టరీలో పేర్చి వచ్చినవి, ఇంట్లో మనం మార్చలేం.

మనం మార్చగలిగింది తీగ. ఇక్కడ కాస్త నిదానంగా నడుద్దాం, అసలు విషయమంతా ఇక్కడే ఉంది.

ఏ2212 మూడు రకాల్లో దొరుకుతుంది: 13 చుట్లది 1000 కేవీ, 10 చుట్లది 1400, 6 చుట్లది 2200. చుట్లనూ కేవీనీ గుణిస్తే వరుసగా 13,000, 14,000, 13,200 వస్తాయి. కొలతల తేడా పక్కన పెడితే అన్నీ ఒక్కటే. చుట్లు తగ్గిస్తే ఆ మేరకు వేగం పెరుగుతుంది, పెంచితే తగ్గుతుంది. కొత్త కేవీ ఎంత వస్తుందని ఎవరినీ అడగక్కర్లేదు. ఉన్న చుట్లను ఉన్న కేవీతో గుణించి, కొత్త చుట్లతో భాగించండి.

మరి తిప్పే బలం? దాన్ని టార్క్ అంటారు. 9.55ను కేవీతో భాగిస్తే ఒక్కో ఆంపియరుకు ఎన్ని న్యూటన్-మీటర్ల టార్క్ వస్తుందో తెలుస్తుంది. 1000 కేవీకి 0.00955. 16 ఆంపియర్ల దగ్గర 0.15 చిల్లర. ఇరుసు మధ్య నుంచి సెంటీమీటరు దూరంలో కిలోన్నర బరువు వేలాడదీస్తే దాన్ని పైకి ఎత్తి పట్టుకునేంత. చుట్లు రెట్టింపు చేసి 26 చుడితే కేవీ 500కు దిగి, ఆంపియరుకు వచ్చే టార్క్ రెట్టింపవుతుంది. ‘చూశారా, బలం పెరిగింది’ అనేది ఇక్కడే. కంగారు పడకండి, తీగ వైపు కూడా చూద్దాం.

స్టేటరు పళ్ల మధ్య సందు ఎంతో అంతే ఉంది, పెరగలేదు. అందులో 26 చుట్లు పట్టాలంటే తీగ అడ్డకోత వైశాల్యం సగం కావాలి. 0.5 మిల్లీమీటర్ల తీగ వాడిన చోట 0.35 వాడాలి. తీగ సన్నబడి సగమైంది, పొడవు రెట్టింపైంది. నిరోధం, అంటే కరెంటుకు తీగ పెట్టే అడ్డు, నాలుగు రెట్లయింది. ఒక చుట్టు సగటున 34 మిల్లీమీటర్లు అనుకుందాం. పళ్ల మీది తీగ మూడు జట్లుగా ఉంటుంది, ఒక్కో జట్టును ఫేజు అంటారు. ఒక ఫేజుకు నాలుగు పళ్లు. 13 చుట్ల మోటారులో ఫేజుకు 1.77 మీటర్ల తీగ పడుతుంది, దాని నిరోధం 0.155 ఓములు. మూడు ఫేజులనూ డెల్టాగా, అంటే త్రికోణంలా కలిపితే ఏ రెండు తీగల మధ్య చూసినా 0.103 ఓములు. 16 ఆంపియర్లు పోతే తీగలో పుట్టే వేడి 16 × 16 × 0.103, అంటే 26 వాట్లు. ఇప్పుడు 26 చుట్లది. నిరోధం 0.412. అదే టార్క్‌కు 8 ఆంపియర్లు చాలు. 8 × 8 × 0.412, మళ్లీ 26 వాట్లే! ఆపైన అదే వేగంతో తిప్పాలంటే వోల్టేజీ రెట్టింపు, 22.2, కావాలి. 8ని 22.2తో గుణిస్తే అదే 178 వాట్లు.

తీసుకున్నదీ అంతే, ఇచ్చిందీ అంతే, వేడిగా పోగొట్టుకున్నదీ అంతే. చుట్ల సంఖ్య మోటారుకు బలం ఇవ్వదు. ఏ బ్యాటరీతో, ఏ ప్రొపెల్లరుతో పొసగాలో నిర్ణయిస్తుంది.

‘మా వాడు 1000 తీసి 1400 పెట్టాడు, విమానం దూసుకుపోయింది, మరి అదేమిటి’ అంటారా? దూసుకుపోతుంది. ఎందుకో చూడండి. ప్రొపెల్లరు తిప్పడానికి కావాల్సిన శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది. అదే ప్రొపెల్లరును 1.4 రెట్లు వేగంగా తిప్పాలంటే 1.4 × 1.4 × 1.4, అంటే 2.7 రెట్ల వాట్లు కావాలి. విమానాన్ని ప్రొపెల్లరు లాగే బలం మాత్రం వేగం వర్గంతోనే పెరుగుతుంది, 1.96 రెట్లు. నిజానికి తీగలోనే కొంత వోల్టేజీ తరిగిపోయి వేగం అంతదూరం వెళ్లదు గానీ, 16 ఆంపియర్ల మోటారు 30కి పైనే లాగడం మొదలుపెడుతుంది. ఆ బలం చుట్ల నుంచి వచ్చింది కాదు, బ్యాటరీ నుంచి గుంజుకున్నది. వేడి ఆంపియర్ల వర్గంతో పెరుగుతుంది కాబట్టి రెండు నిమిషాల ముచ్చట తర్వాత మాడువాసన వస్తుంది. 1400 కేవీకి వెళ్తే ప్రొపెల్లరు చిన్నది కావాలి. ఈ సంగతి తెలిసినవాళ్లు మోటారు కాల్చుకోరు.

సరే, నిజంగా మెరుగుపరచగలిగింది ఏదీ లేదా? ఉంది. అదే సందులో ఎక్కువ రాగి పట్టించడం. ఫ్యాక్టరీలో త్వరగా పని తెమలాలని సన్న తీగలు కొన్నింటిని కలిపి గజిబిజిగా చుడతారు, మధ్య మధ్య ఖాళీలు ఉండిపోతాయి. మీకు తొందర లేదు. ఒకే మందపాటి తీగను చుట్టు పక్కన చుట్టు ఆనించి పేర్చుకుంటూ పోతే అవే 13 చుట్లను 0.5కు బదులు 0.6 మిల్లీమీటర్ల తీగతో పట్టించవచ్చు. వైశాల్యం 44 శాతం పెరిగి, నిరోధం 31 శాతం తగ్గుతుంది. 26 వాట్ల వేడి 18కి దిగుతుంది. ఎనిమిది వాట్లేనా అనకండి. సోల్డరింగ్‌కు మామూలుగా వాడే చిన్న ఐరన్ 25 వాట్లది. అది నిమ్మకాయలో దూర్చి ఉంచినట్టు ఉన్న వేడిలో మూడో వంతు పోయిందంటే తక్కువా?

ఆ వేడి లెక్క మన ఊళ్లలో ఇంకా గట్టిగా వేసుకోవాలి. మామూలు రకం నియోడిమియం అయస్కాంతం 80 డిగ్రీలు దాటితే శక్తి కోల్పోవడం మొదలుపెడుతుంది, చల్లారాక ఆ నష్టం పూర్తిగా తిరిగి రాదు. పేరు చివర ‘హెచ్’ ఉన్న రకం 120 వరకు, ‘ఎస్‌హెచ్’ ఉన్నది 150 వరకు ఓర్చుకుంటాయి. రాగి మీది ఎనామెల్ పూతే నయం, 155, 180 డిగ్రీలు తట్టుకునే రకాలు దొరుకుతాయి. మోటార్ల గురించి మనం చదివే సూచనలు చాలావరకు 20 డిగ్రీల చలిదేశాల్లో రాసినవి, వాళ్లకు 80 చేరడానికి 60 డిగ్రీల వెసులుబాటు ఉంటుంది. కోల్‌కతా మే నెల మధ్యాహ్నం, విజయవాడ సంగతి చెప్పనే అక్కర్లేదు, మనకు మిగిలేది 40. పైగా రాగి వేడెక్కితే నిరోధం డిగ్రీకి 0.39 శాతం చొప్పున పెరుగుతుంది. 30 నుంచి 100 డిగ్రీలకు వెళ్తే 27 శాతం. వేడి వేడిని పెంచుతుంది. దిగిన వెంటనే మోటారు మీద వేలు పెట్టి మూడు సెకన్లు ఉంచలేకపోతే ప్రొపెల్లరు ఒక సైజు తగ్గించండి.

ఇక విప్పే పని. తెల్ల గుడ్డ పరిచిన బల్ల, చిన్న అలెన్ కీలు, సర్‌క్లిప్ తీసే పట్టకారు, మసక పడని వెలుతురు చాలు. ఇనుప రజను ఉన్న చోట కూర్చోకండి. అయస్కాంతాలకు పట్టిన రజను బ్రష్‌తో దులిపితే పోదు, టేపు అద్ది అద్ది తీయాలి. మోటారు వెనక వైపు ఇరుసు చివర ఒక గాడి, అందులో పలుచని ఉక్కు రింగు ఉంటుంది. అదే సర్‌క్లిప్. కొన్నింట్లో దాని బదులు చిన్న గ్రబ్ స్క్రూ ఉన్న కాలర్ ఉంటుంది. సర్‌క్లిప్ తీసేటప్పుడు దాని మీద వేలు ఆనించి ఉంచండి, లేకపోతే చటుక్కున ఎగిరి గది మూలకు పోతుంది, మళ్లీ దొరకదు. కింద ఒకటి రెండు పలుచని వాషర్లు ఉంటాయి, అవి ఏ వరుసలో వచ్చాయో ఫోనులో ఫొటో తీసుకోండి. ఇప్పుడు డొప్పను నిటారుగా లాగాలి. అయస్కాంతాలు వదలవు, మొండికేస్తాయి. పక్కకు వంచి లాగితే ఇరుసు వంగుతుంది. తిరిగి బిగించేటప్పుడు అదే బలం మీ వేలిని డొప్పకూ స్టేటరుకూ మధ్య నొక్కేస్తుంది, డొప్పను అంచులు పట్టుకోకుండా పైనుంచి పట్టుకోండి.

సగం రోగాలకు మందు ఇక్కడితోనే దొరుకుతుంది. బేరింగ్ గరగరమంటే దాన్నే మార్చండి. దాని అంచు మీద నంబరు ఉంటుంది: 623 అని ఉంటే లోపలి రంధ్రం 3, బయటి వ్యాసం 10, మందం 4 మిల్లీమీటర్లు. ఆ నంబరు చెబితే బేరింగుల దుకాణంలో ఇస్తారు. కోల్‌కతా తేమకు, అందులోనూ వానాకాలం తర్వాత, తుప్పు పట్టి మొరాయించే మోటార్లలో చాలావాటికి కావాల్సింది ఈ మరమ్మతే. చేత్తో తిప్పితే టకటక ఆగి ఆగి తిరగడం మాత్రం రోగం కాదు. 12 పళ్లు, 14 అయస్కాంతాల మోటారు ఒక్క చుట్టులో 84 చోట్ల ఆగాలని చూస్తుంది. 12, 14ల కనిష్ఠ సామాన్య గుణిజం అది, బళ్లో చదివిన క.సా.గు. ఇన్నాళ్లకు పనికొచ్చింది.

తీగ మార్చాల్సిందే అనుకుంటే పాత తీగ కత్తిరించి పారేయకండి. ఒక పంటి మీది చుట్లు విప్పుతూ లెక్కపెట్టండి, తీగ మందం కొలవండి, మూడు ఫేజుల కొసలు ఎలా కలిశాయో గీసుకోండి. కొత్త తీగ గేజు నంబరుతో అడగాలి. 25 గేజు అంటే 0.51 మిల్లీమీటర్లు, 23 అంటే 0.61. కోల్‌కతాలో చాందినీలోనో ఎజ్రా స్ట్రీట్‌లోనో అడగండి (చాందినీకి ఆదివారం సెలవు), హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీ, రాణిగంజ్. మూడు ఫేజులకూ కలిపి కావాల్సింది అయిదున్నర మీటర్లలోపు. 25 గేజుదైతే బరువు పది గ్రాములు కూడా ఉండదు. కిలో వెయ్యి రూపాయలు వేసుకున్నా పది రూపాయల రాగి. పాడవుతుందని భయపడి వంద గ్రాములు కొనుక్కోండి.

చుట్టే వరుస తప్పితే ఎంత నీటుగా చుట్టినా వృథా. పళ్లకు పెన్నుతో 1 నుంచి 12 దాకా నంబర్లు వేయండి. మొదటి ఫేజు: 1 కుడి చుట్టు, 2 ఎడమ, 7 ఎడమ, 8 కుడి. రెండోది: 3 ఎడమ, 4 కుడి, 9 కుడి, 10 ఎడమ. మూడోది: 5 కుడి, 6 ఎడమ, 11 ఎడమ, 12 కుడి. కుడి, ఎడమ అన్నది ఆ పంటికి ఎదురుగా నిలబడి చూసినప్పుడు గడియారం దిశ, దానికి ఎదురు దిశ. ఒక్క పన్ను తిరగబడినా ఆ ఫేజులో మిగతా మూడింటి పనిని అది పాడుచేస్తుంది. తీగను లోహపు పనిముట్టుతో నొక్కకండి, ఐస్‌క్రీం పుల్ల వాడండి. ఎనామెల్ గీరుకుపోయేది ఎక్కువగా పంటి మూలల దగ్గరే, స్టేటరు మీది రక్షణ పూత అక్కడ ఊడి ఉంటే ముందే పలుచగా ఎపాక్సీ రాసి ఆరనివ్వండి. ఈ రకం వైండింగుకు జర్మన్ మోడల్ వాళ్లు లూకాస్, రెట్స్‌బాఖ్, క్యూఫుస్ పేర్ల మొదటి అక్షరాలతో ఎల్‌ఆర్‌కే అనే పేరు స్థిరపడింది. మనం పైన చూసింది దాని సవరించిన రూపం.

కొసలు మిగిలాయి, ఆరు. త్రికోణంలా కలిపితే డెల్టా. మూడింటిని ఒకచోట ముడివేసి మిగతా మూడింటిని బయటికి తీస్తే స్టార్. ఒక్క చుట్టు కూడా మార్చకుండా డెల్టా నుంచి స్టార్‌కు మారిస్తే కేవీ 1.73 రెట్లు తగ్గుతుంది, 1000 ఉన్నది 578 అవుతుంది. పెద్ద ప్రొపెల్లరు నెమ్మదిగా తిప్పాలనుకునేవాళ్లకు తీగ కొనకుండానే పని జరిగిపోయే మార్గం ఇది. నా మాట వింటే, మొదటిసారి వైండింగ్ ముట్టుకోకుండా ఈ ఒక్క మార్పు చేసి చూడండి.

చుట్టాక పరీక్ష. మల్టీమీటరు బీప్ మోడులో పెట్టి ఒక కొస స్టేటరు ఇనుముకు, ఇంకోటి ఒక్కో ఫేజుకు తాకించండి. బీప్ వస్తే ఎక్కడో పూత గీరుకుంది, మళ్లీ విప్పడమే. ఫేజు నిరోధం మల్టీమీటరుతో కొలవాలని చూడకండి, దాని సొంత తీగలే 0.2, 0.3 ఓములు చూపిస్తాయి. వెలికితీసిన రెండు తీగల గుండా సరిగ్గా 1 ఆంపియరు పంపి, మోటారు కొసల దగ్గర మిల్లీవోల్టులు చూడండి. 103 మిల్లీవోల్టులు ఉంటే 0.103 ఓములు. మూడు జతల్లోనూ దాదాపు ఒక్కటే రావాలి. కేవీ తెలియాలంటే మోటారు ఇరుసును డ్రిల్లుకు బిగించి తిప్పి, రెండు తీగల మధ్య ఏసీ వోల్టేజీ చూడండి. 1.414తో గుణించి, ఆ ఫలితంతో డ్రిల్లు వేగాన్ని భాగించండి. 2,800 వేగం దగ్గర 1.98 వోల్టులు వస్తే 1000 కేవీ. డ్రిల్లును అంతకంటే చాలా వేగంగా తిప్పకండి. చవక మల్టీమీటర్లు సెకనుకు 400 ఆవృత్తుల వరకే సరిగ్గా చదువుతాయి, మనం ఇప్పటికే 327 దగ్గర ఉన్నాం.

రిమోట్‌తో నడిపే రేసు కార్లలో వాడే మోటార్ల సంగతి వేరు. వాటిలో అయస్కాంతం లోపల, తీగ బయట. అవుట్‌రన్నర్‌లో బయటికి తన్నుకొచ్చే అయస్కాంతాన్ని డొప్పే ఆపుతుంది. పై లెక్కల వేగంలో ఒక గ్రాము అయస్కాంతం మీద కిలో పైచిలుకు బలం పనిచేస్తుంది మరి. కారు మోటారులో దాన్ని ఆపేది జిగురూ పైన చుట్టిన పట్టీయే. ఆ రోటరును కొత్తవాళ్లు ముట్టుకోకపోవడం మంచిది.

చేయి తిరగడానికి కొత్త మోటారే అక్కర్లేదు. పనికిరాని సీడీ డ్రైవు విప్పితే 9 పళ్లు, 12 ధ్రువాల చిన్న అవుట్‌రన్నర్ దొరుకుతుంది. 52ఎక్స్ అని రాసి ఉన్న డ్రైవు సీడీని నిమిషానికి 10,000 దాటి తిప్పేది. ఈ శతాబ్దం మొదట్లో చాలామంది అందులోని బలహీనమైన అయస్కాంత వలయం తీసేసి, 5 × 5 × 1 మిల్లీమీటర్ల నియోడిమియం ముక్కలు 12 అతికించి, మందపాటి తీగ చుట్టి బుల్లి విమానాలు ఎగరేశారు. వరుస తేలిక: ఫేజులు ఒకటి, రెండు, మూడు అంటూ పళ్ల మీద క్రమంగా, అన్నీ ఒకే దిశలో. పాత కంప్యూటర్ సామాను అమ్మే చోట ఒక్క డ్రైవు అడిగితే దాదాపు ఉచితంగానే ఇస్తారు.

డబ్బు లెక్కలో చూస్తే ఏ2212ను తిరిగి చుట్టడం గిట్టుబాటు కాదు. పది రూపాయల రాగికి ఒక సాయంత్రం పోతుంది, కొత్తది అయిదు వందల్లోపు. బేరింగ్ మార్చడం ఎప్పుడూ గిట్టుబాటే. నాలుగైదు వేలు పెట్టి కొన్న పెద్ద మోటారు కాలితే వైండింగూ గిట్టుతుంది. మీ బ్యాటరీకి, మీ ప్రొపెల్లరుకు సరిపడే కేవీ బజారులో దొరకనప్పుడు మాత్రం వేరే దారి లేదు.

బాగుచేసింది ఎగరేసే ముందు, డ్రోన్లు ఎక్కడ ఎగరేయవచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై పటం చూసుకోండి. 2021 ఆగస్టు నాటి డ్రోన్ నిబంధనల ప్రకారం విమానాశ్రయం ప్రహరీ నుంచి 12 కిలోమీటర్ల దాకా ఆంక్షలు ఉంటాయి. కోల్‌కతా మైదాన్ పచ్చగా, విశాలంగా ఊరిస్తుంది గానీ అది సైన్యం భూమి, పక్కనే ఫోర్ట్ విలియం. అక్కడ వద్దు.

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు బ్యాటరీకీ ఈఎస్‌సీకీ మధ్య కారు ఇండికేటరు బల్బు, 12 వోల్టుల 21 వాట్లది, సిరీస్‌లో పెట్టండి. ఎక్కడ షార్టు ఉన్నా 1.75 ఆంపియర్లకు మించి పోదు, ఈఎస్‌సీ బతుకుతుంది. బల్బు ఒక్కసారి మెరిసి ఆరిపోతే ముందుకు వెళ్లండి. వెలుగుతూనే ఉంటే బ్యాటరీ పీకేయండి. అన్ని పరీక్షలూ అయ్యేదాకా ప్రొపెల్లరు డబ్బాలోనే ఉండనివ్వండి.